తడిసిన యిల్లు



నిఘంటువులు నీటికి జీవనమనియు, అమృతమనియు, విషమనియు పేళ్లు చెప్పినవి. మొదటి రెండు పేళ్లును గృహిణులమైన మనకు నిత్యానుభవములు. మూడవది యెట్లు పొసగెనో యింటిలోనికి వరద వచ్చిననాడుగాని బోధపడదు. కడవలోని నీటిని వంచి పారబోయవచ్చును. గోడలోని నీటిని వంచుట యెట్లు? దానిని గాలిలోనికి రప్పింపవలెను. ఆ గాలిని వెలుపలికి సాగనంపవలెను. మరల పొడిగాలిని లోనికి దేవలెను. ఇట్లు వందలమార్లు జరిగినగాని గోడ ఆరదు. తడిసిన యిండ్ల నారబెట్టుట వృత్తిగా గలవా రిప్పుడు పెద్ద పట్టణములయందున్నారు. వారు చేయు పని యేమి, అందు మన చేత నగున దెంత, వారి కప్పగింపవలసిన దెంత అను విషయములను, మేము చూచినంతవరకు, చదివినంతవరకు, ఇచట విన్నవింపదలచితిమి.

2024వ సంవత్సరము ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలయందు బెజవాడపై కురిసిన వాన మీలో పెక్కురకు జ్ఞాపకముండును. మైలవరపు కొండలనుండి వచ్చి కొల్లేటిలో కలియు బుడమేటికి గట్లు తెగినవి. దాని నీటిని కొంత కృష్ణలోనికి మరల్చుటకు వెలగలేరు వద్ద ఏర్పాటున్నది. కాని కృష్ణయే నిండి యుండిన నా నీరెక్కడికి పోవును? ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము కనబడెను. బుడమేటి గండ్లు మూడును పూడునప్పటికి సెప్టెంబరు 7వ తేది వచ్చెను. మా యిల్లు సింగునగరములోనిది. అందు నాలుగడుగుల నీరు ఆరు దినములు నిలిచెను. మా అత్తగారిని మెట్లమీదుగా పైవాటావారి గదికి చేర్చి, పిమ్మట పడవపై దాటించి, ఏలూరులో మా బావగారి యింట దింపితిమి. ఆమె ఉబ్బసపు మనిషి.

నీరు తీసినతరువాత అగ్నిమాపక దళమువారు ఇంజనులతో వచ్చి వీధులను, ఇండ్లను కడిగిరి. ప్రభుత్వము నేల అంతస్తు మునిగిన యింటికి 25,000 రూపాయల సాయము ప్రకటించెను. కడిగిన యిల్లు చూచుటకు శుభ్రముగానే యుండెను. గండము గడచినదని అందరును ఊపిరి పీల్చుకొనిరి. ఆ సంవత్సరము విజయదశమి అక్టోబరు 12వ తేది. రంగులవేయు మేస్త్రి యొకడు వచ్చి, పుట్టీ పెట్టి రెండు కోటింగులు వేసినచో వారము దినములలో కొత్తయిల్లగునని చెప్పెను. ఏలూరినుండి మా అత్తగారు టెలిఫోనులో దినమున కొకమారు, "నాయనా! నా కొంప నాకు దక్కునా? పరుల పంచనే నా దసరా గడచునా?" అని మావారి నడుగుచుండిరి. పెద్దకొడుకు ఇల్లు పరుల పంచ యెట్లగునని మీరడుగవచ్చును. తాను కాపురము చేసిన యింటిని విడిచిన ముసలివారి కన్నియు పరుల పంచలే.

ఇక విషయమునకు వచ్చెదము. వరద తీసిన యింటిలోనికి పోవునపుడు మొట్టమొదట చూడవలసినది విద్యుచ్ఛక్తి. మెయిను స్విచ్చి ఆపివేసి, తెలిసిన పనివాడు వచ్చి తీగెలను, మీటల పెట్టెలను పరీక్షించువరకు ఏ దీపమును వెలిగింపరాదు. మునిగిన ఫ్రిజ్జును, బట్టలుతుకు యంత్రమును, నీటి మోటారును "పనిచేయునేమో చూతము" అని తగిలింపరాదు. పిమ్మట ఏ వస్తువును కదల్పకముందే ప్రతి గదిని, గోడపై నీటి చారను, పాడైన సామానును ఫోటోలు తీయింపవలెను. ఇన్సూరెన్సు గలవారికి ఇవియే సాక్ష్యములు.

ఈ వృత్తివారు తడిపిన నీటిని మూడు తెగలుగా విభజింతురు. పగిలిన మంచినీటి గొట్టమునుండి వచ్చినది మొదటి తెగ. బట్టలుతికిన నీరు, స్నానపు నీరు మొదలైనవి రెండవ తెగ. మురుగుతో, ఏటి వరదతో వచ్చినది మూడవ తెగ. మొదటి తెగ నీరైనను రెండు దినములు నిలిచిన యెడల రెండవదిగా, మూడవదిగా మారిపోవును. ఏ వస్తువు నుంచుకొనవలెను, దేనిని పారవేయవలెనను ప్రశ్నకు ఈ విభాగముననుసరించియే సమాధానము. మూడవ తెగ నీటిలో నానిన దూదిపరుపులు, దిండ్లు, నారచాపలు, ధాన్యము, పప్పులు, తెరచిన పచ్చళ్లు పారవేయవలసినవే. బూరుగుదూది పరుపు పైకి ఎండినను లోన మురుగునే దాచుకొనును. కంచు, ఇత్తడి, ఉక్కు, గాజు సామానును సబ్బుతో కడిగి మరుగునీటిలో ముంచిన దక్కును. టేకు బల్లలు, కోళ్లు దక్కును. వానిని నీడను ఆరబెట్టవలెనేగాని ఎండలో పడవేసినచో పగులును. రంపపుపొట్టును జిగురుతో నొత్తి చేసిన బీరువాలు ఉబ్బి విచ్చిపోవును. వాని పై ఆశ వదలుకొనవలెను.

కడుగుటయందును క్రమము కలదు. బురద ఎండి గట్టిపడకమునుపే పారతో ఎత్తి, సబ్బునీటితో రుద్ది, మంచినీటితో కడిగి, ఆ పిమ్మటనే బ్లీచింగు పౌడరు వాడవలెను. బురదపై చల్లిన పౌడరు బురదతోనే చచ్చును. లీటరు నీటికి సుమారు 15 గ్రాముల మంచి పౌడరు కలిపి, తేరిన నీటిని నేలపై, గోడ యడుగున పూసి పది నిమిషము లుంచిన చాలును. చేతులకు రబ్బరు తొడుగులు, తలుపులు తెరచియుండుట అవసరము. మరుగుదొడ్లు కడుగు ఆమ్లముతో దీనిని ఎన్నడును కలుపకుడు, విషవాయువు పుట్టును. పరిశుభ్రతకై పోయి ప్రాణము మీదికి తెచ్చుకొనుట యగును.

ఇప్పుడు అసలైన చిక్కు. కడిగిన యిల్లు ఆరవలెను. తడి నిలిచిన చోట బూజు ఒకటి రెండు దినములలోనే మొలకెత్తును. "కిటికీలు తెరచి ఫంకా వేసిన చాలదా?" అని మా పొరుగు సోదరి యొకరు మమ్మడిగిరి. దీనికి మావారు బడిపిల్లలకు చెప్పు లెక్కవలె ఒక లెక్క చెప్పిరి. దానిని మీకును చెప్పెదము.

12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిలో సుమారు 41 ఘనమీటర్ల గాలి పట్టును. 30 డిగ్రీల వేడిమిలో ఒక ఘనమీటరు గాలి మోయగలిగిన నీటియావిరి సుమారు 30 గ్రాములు. వానకాలములో మన కోస్తాగాలి అందులో నూటికి 80 పాళ్లు ముందే మోయుచుండును. మిగిలిన చోటు ఘనమీటరునకు 6 గ్రాములు. గది మొత్తమునకు పావు లీటరు. ఇక గోడ వైపు చూడుడు. ఆ గదిలోని ఒక్క గోడ, 9 అంగుళముల మందము గలది, నాలుగడుగుల యెత్తున నానినదనుకొందము. అందు సుమారు 500 ఇటుకలు. మంచి యిటుకయైనను తన బరువులో నూటికి 20 పాళ్లవరకు నీరు పీల్చగలదు. మనము ఇటుకకు పావు లీటరే యనుకొందము. 125 లీటర్లు! అనగా ఆ యొక్క గోడ యారుటకే గదిలోని గాలి యంతయు నిండుగా తడిసి 500 మార్లు మారవలెను. నాలుగు గోడలకు, నేలకు, గచ్చునకు లెక్క మీరే వేసికొనుడు. వెలుపల ముసురు పట్టి గాలి నూటికి 95 పాళ్లు తడిగా నున్ననాడు కిటికీ తెరచిన లాభము లేకపోగా, వెలుపలి తడియే లోనికి వచ్చును.

ఈ లెక్క విన్నతరువాతనే మేము హైదరాబాదునుండి ఆరబెట్టు పనివారిని పిలిపించుటకు నిశ్చయించితిమి. వారు తెచ్చిన యంత్రములలో ముఖ్యమైనది డీహ్యుమిడిఫయరు. పేరు నోరు తిరుగనిదైనను దాని పని మన వంటింటిలోనిదే. చల్లని నీళ్లు నింపిన చెంబునకు వెలుపల చెమట పట్టుట మీరెరుగుదురు గదా. యంత్రములో చల్లని గొట్టపు చుట్లుండును. గదిగాలి వానికి తగిలినపుడు ఆవిరి నీటిబొట్లయి క్రిందిబకెట్టులో పడును. పొడిగాలి, కొంచెము వెచ్చనై, గదిలోనికి తిరిగివచ్చును. ఈ యంత్రము నడచునప్పుడు తలుపులు, కిటికీలు మూసియుండవలెను. తెరచిన యెడల బుడమేటి ప్రాంతపు గాలినంతటిని ఆరబెట్టుటకు కూర్చున్నట్లగును. దానికి తోడుగా, గోడవెంబడి గాలి పారునట్లు నేలమీద పొట్టి ఫంకాలను పెట్టుదురు. తడిగోడ నంటుకొని తడిగాలి పొర యొకటి కదలక నిలిచియుండును. దానిని చెదరగొట్టుటకు ఫంకా, చెదరిన తడిని పట్టుటకు యంత్రము. ఒకటి లేక రెండవది వ్యర్థము. ఉత్త ఫంకా యొక గది తడిని మరియొక గదికి పంచిపెట్టును.

మావారు బకెట్టు నీటిని కొలిచి, హాజరుపట్టీవలె గీతలు గీచిన కాగితముపై వ్రాయుచుండిరి. మొదటి దినమున 22 లీటర్లు. వారము గడచునప్పటికి 13. పదునాల్గవ దినమున 4. అంకె తగ్గిన కొలది మా యిల్లు తేలికయగుచున్నట్లు తోచెను.

పనివారు గోడల పరీక్షకు రెండు సూదులు గల చిన్న యంత్రమును వాడిరి. గోడలో తడి హెచ్చినకొలది విద్యుత్తు సులువుగా పారును. ఆ సులువును బట్టి అంకె చూపును. ఇటుకగోడ విషయములో ఆ అంకెను ఒంటరిగా నమ్మరాదనియు, అదే యింటిలో తడియని గోడ అంకెతో పోల్చవలెననియు వారు చెప్పిరి. ఇట్టి యంత్రము లేనివారి కొక సులభోపాయము కలదు. మూరెడు ప్లాస్టిక్కు కాగితమును గోడపై పరచి నాలుగంచులను గాలి దూరకుండ అంటించి ఒక దినముంచుడు. లోపలివైపు చెమటబొట్లు కనబడినచో గోడ యింకను ఆరలేదని యర్థము. ఇది ఖర్చులేని పరీక్ష, తప్పక చేయదగినది.

పై పూత సిమెంటుదై గుల్లబారినచోట దానిని అయిదడుగుల యెత్తువరకు చెక్కించితిమి. ఇటుకకు ఊపిరాడవలెను. ఆరుచున్న గోడపై తెల్లని ఉప్పు పొంగును. దానిని నీటితో కడిగినచో కరగి మరల గోడలోనికే పోవును. పొడికుంచెతో రాల్చి, ఎత్తి పారవేయవలెను. బీరువాలను గోడకు అడుగుదూరము జరిపి యుంచవలెను.

దసరా దగ్గరపడెను. మేస్త్రి మరల వచ్చెను. గోడలు చేతికి పొడిగా తగులుచున్నవి. కాని ప్లాస్టిక్కు కాగితము క్రింద చెమట మానలేదు. ఇంగ్లండులోని కట్టుబడివారికి ఒక మోటులెక్క కలదు: గోడ మందములో అంగుళమునకు నెల చొప్పున ఆరుటకు పట్టునని. యంత్రములు ఆ కాలమును తగ్గించును గాని లేకుండ చేయలేవు. పుట్టీ, ప్లాస్టిక్కు రంగు గోడకు కప్పిన రబ్బరుగుడ్డవంటివి. లోని తడి లోననే యుండి పొక్కులై, నల్లని బూజై వెలువడును. ఆ బూజుగాలి ఉబ్బసపువారికి శత్రువు. మావారికిది తెలియును. తెలిసినను తల్లి కంఠము విన్నప్పుడెల్ల ఆయన మనస్సు మెత్తబడుచుండెను. "ఒక్క గదికైన వేయించుదమా?" అని మమ్మడిగిరి. ఆమె రాగోరుచున్నది తన యింటికి. ఆ యింటిగాలియే ఆమెను మంచము పట్టించినచో ఆ రాక యెవరి సంతోషమునకు? మేమీ మాట చెప్పగా ఆయన చాలసేపు మాటాడలేదు.

చివరకు మధ్యమార్గము దొరకెను. పాతకాలపు సున్నపు వెల్ల. సున్నము గోడకు ఊపిరాడనిచ్చును. దాని క్షారగుణము బూజునకు గిట్టదు. అందరికంటె ముందుగా ఆరిన వీధిగదికి మాత్రము సున్నము కొట్టించితిమి. అటకపై నుండుటచే దక్కిన కొండపల్లి బొమ్మలతో అచట చిన్న కొలువు తీర్చితిమి. మా అత్తగారు ఏలూరినుండి పగటిపూట వచ్చి, హారతి చూచి, చెక్కిన గోడలను చేతితో తడవి, మరల సాయంకాలమునకు వెడలిపోయిరి. పోవునపుడు మాతో ఒక్కమాటయు ననలేదు. ఆ మౌనము మూడు నెలలు మాకు బరువుగానే యుండెను.

పుస్తకముల సంగతి చెప్పక ముగింపజాలము. మమ్ము బడికి పంపక ఇంటనే కూర్చుండబెట్టి కావ్యములు చెప్పినవారు మా తండ్రిగారు. వారి పుస్తకములు ఒక చెక్కబీరువాలో క్రింది రెండరలలో నుండెను. తడిసిన పుస్తకమును రెండు దినములలో ఆరబెట్టలేని యెడల దానిని గడ్డకట్టించుట శాస్త్రీయపద్ధతి. మంచులో బూజు ఎదుగదు, సిరా పాకదు. మనకు కాలము చిక్కును. నీరు దిగిననాడే, వరద చేరని పేటలో ఐసుక్రీము అమ్ము మిత్రుడొకడు తన చలువపెట్టెలో చోటిచ్చెను. ఒక్కొక్క దానిని కాగితములో చుట్టి అందుంచి, పిమ్మట నాలుగేసి చొప్పున తీసి, పుటల నడుమ అచ్చులేని తెల్లకాగితములను, అద్దుడు కాగితములను చొనిపి, తడిసినకొలది మార్చుచు ఫంకాగాలిలో ఆరబెట్టితిమి. 1966వ సంవత్సరము నవంబరు 4వ తేదీని ఇటలీలోని ఫ్లారెన్సు నగరమును ఆర్నో నది ముంచినపుడు అచటి జాతీయ గ్రంథాలయపు పుస్తకములను పొగాకు ఆరబెట్టు కొట్టములకు పంపి యెండించిరట. గుంటూరు సీమ పొగాకు బ్యారనుల నెరిగిన మనకిది వింతగా తోచదు.

మా పుస్తకములలో నునుపుకాగితపువి అట్టలుగా అతుకుకొని పోయినవి. తక్కినవి వంకర తిరిగిననూ దక్కినవి. తండ్రిగారు అంచులలో సిరాతో వ్రాసిన టిప్పణములు నీలిమరకలై చెరగినవి. సీసపుకలముతో వ్రాసినవి మాత్రము ఒక్క అక్షరము చెడలేదు. పెన్సిలులోని నల్లని పదార్థము నీటిలో కరగునది కాదు. మాకు ఎనిమిదేండ్ల వయస్సున, అర్థము చెప్పలేక తడబడిన పద్యము ప్రక్కన వారు పెన్సిలుతో "రేపు మరల" అని వ్రాసిన మాట అట్లే యున్నది. ఆ రాత్రి దానిని మావారికి చూపితిమి.

పనివారిని పిలువదలచినవారు కొన్ని ప్రశ్నలు ముందుగా అడుగవలెను. యంత్రమునకు దినవారీ అద్దె యెంత? ఎన్ని దినములని యంచనా? ప్రతిదినము గోడ తడిని కొలిచి వ్రాసియిత్తురా? ఏ అంకె వచ్చిన పని ముగిసినట్లు? విద్యుత్తు ఖర్చెవరిది? మేము మొదట పిలిచిన ఒక సంస్థవారు ఈ ప్రశ్నలలో నొక్కదానికిని సమాధానము చెప్పక, మందు చల్లిన చాలునని పెద్దమొత్తమడిగిరి. మందు బూజును చంపవచ్చును. తడి యుండగా అది మరల పుట్టును. కొలత చూపని వానికి సొమ్ము చూపకుడు. స్తోమత లేనివారు నలుగురైదుగురు ఇరుగుపొరుగువారు కలిసి ఒక యంత్రమును అద్దెకు దెచ్చి వంతులుగా వాడుకొనవచ్చును. మా వీధిలో మూడిండ్లవా రట్లే చేసిరి.

మూడు నెలలు దాటినతరువాత ప్లాస్టిక్కు కాగితము క్రింద చెమట పట్టుట మానెను. 2025వ సంవత్సరపు సంక్రాంతికి మా అత్తగారు తమ యింటికి వచ్చిరి. ఆలోపుననే రంగులు వేయించుకొన్న మా వెనుకవీధి యింట గోడలు పొక్కి నల్లబారుటను ఆమె పేరంటమునకు పోయి చూచి వచ్చిరి. వచ్చి, కాళ్లు కడుగుకొని, "అమ్మాయీ! మన గోడలకు ఆ నునుపురంగు లక్కరలేదు. సున్నమే యుండనీ" అనిరి. మాకదియే చాలును.

వరదలు మన చేతిలోనివి కావు. నీరు పోయిన తరువాతి ఓరిమి మన చేతిలోనిది. ఏ సోదరి యింటికైనను ఇట్టి కష్టము రాకుండుగాక. వచ్చెనేని, రంగులబుడ్డి తెరచుటకు ముందు గోడపై మూరెడు ప్లాస్టిక్కు కాగితమంటించి ఒక్క దినము వేచిచూడుడని మా మనవి.